పొగాకు బ్యారన్ దగ్గర విన్న ఉత్తరధ్రువం కథ

పొగాకు బ్యారన్‌కు, అంటే పొయ్యి వేడితో పచ్చి ఆకును ఆరబెట్టే కొట్టానికి, రాత్రి కాపలా అంటే నిద్ర ఆపుకోవడమే అసలు పని. ఆకు పచ్చగా ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటనివ్వకూడదు. పసుపు తిరిగాక కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, ఈనె ఎండే చివరి రోజుకు 160 దాకా తీసుకెళ్లాలి. అంతా కలిపి అయిదారు రోజులు. మధ్య మధ్య లేచి థర్మామీటర్ చూడటం, పొయ్యిలోకి రెండు మొద్దులు తోయడం, కర్ర మీది ఆకు జారి వేడి గొట్టం మీద పడిందేమోనని వాసన పట్టడం. పడితే బ్యారన్ బూడిదే. ఒకసారి లేచిన తరువాత మళ్లీ లేచేదాకా ఏం చేయాలన్నది మా కొండపి వైపు ప్రతి రైతూ తన తీరులో తేల్చుకుంటాడు. మా నాన్న రేడియో పెట్టుకునేవారు. పక్క పొలం ఆయన ఫోనులో పేకాట ఆడతాడు. నేను మూడు సీజన్లుగా ఇంగ్లీషు రచయిత ఫిలిప్ పుల్‌మన్ నవలలు ఆడియోబుక్‌గా వింటున్నాను.

‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ పేరుతో వచ్చిన మూడు పుస్తకాలివి: ‘నార్తర్న్ లైట్స్’ 1995లో, ‘ది సటిల్ నైఫ్’ 1997లో, ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ 2000లో. చెన్నైలో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల కొట్టులో మొదటిది దొరికింది. మూడోది హాస్టల్లో దీపాలు ఆర్పేశాక టార్చి వెలుగులో పూర్తి చేశాను. ఆ తరువాత ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు తెరిచానో. ముప్పై, నలభై పేజీలకే కళ్లు మూతపడేవి. పుస్తకం మారలేదు, పగలంతా పొలంలో తిరిగి వచ్చిన మనిషి మారాడు.

ఈ ఆడియోబుక్‌లో కథనం చదివేది రచయితే. పాత్రల మాటలు మాత్రం నటీనటులు పలుకుతారు. రేడియో నాటకంలా కుదించినది కాదు. ప్రతి వాక్యం, ‘అన్నది’, ‘అన్నాడు’ అనే తోకలతో సహా, ఉంది. మూడూ కలిపి దాదాపు 35 గంటలు. పుల్‌మన్ రచయితగా నిలదొక్కుకోక ముందు ఆక్స్‌ఫర్డ్ బడుల్లో మాస్టారు, పిల్లలకు ప్రాచీన గ్రీకు కవి హోమర్ కథలు నోటితో చెప్పిన మనిషి. ఆ అలవాటు గొంతులో తెలిసిపోతుంది. నటించడు, తొందరపడడు. భయంకరమైన చోట గొంతు ఇంకాస్త తగ్గిస్తాడు తప్ప పెంచడు. తరగతి అల్లరి చేస్తుంటే మంచి మాస్టారు చేసే పని అదే.

మొదటి గంటలోనే నాకొక సిగ్గు పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా నేను ‘డేమన్’ అని చదువుకున్నది నిజానికి ‘డీమన్’. సత్యం చెప్పే ఆ బంగారు పరికరం పేరు వచ్చినప్పుడల్లా అన్నంలో రాయి తగిలినట్టు ఆగి, కళ్లతో దాటేసేవాడిని. రాసినవాడే నోరారా పలుకుతుంటే ఇక అనుమానానికి చోటేది?

డీమన్ అంటే తెలియనివారి కోసం ఒక మాట. లైరా అనే పిల్ల ఉండే లోకంలో మనిషి ప్రాణం లోపల ఉండదు, జంతువు రూపంలో పక్కనే నడుస్తుంది, మాట్లాడుతుంది. చిన్నపిల్లల డీమన్ క్షణానికో రూపం మారుస్తుంది. వయసు వచ్చాక ఒక రూపంలో స్థిరపడుతుంది. మనిషికీ డీమన్‌కూ మధ్య దూరం పెరిగితే ఇద్దరికీ నరకం. మనకిది కొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. తేడా ఒక్కటే. ఫకీరు తన ప్రాణాన్ని దూరంగా దాచుకుని తాను క్షేమం అనుకుంటాడు. లైరా తన ప్రాణాన్ని చంకనెత్తుకుని తిరుగుతుంది. నవల పొడవునా దుర్మార్గులు చేసే పని, పిల్లలకూ వాళ్ల చిలుకలకూ మధ్య కత్తి పెట్టడమే.

పలువురు గొంతులతో వినడం వల్ల నాకు దక్కినది ఇక్కడే ఉంది. అచ్చులో లైరా మాటా కొటేషన్ గుర్తుల మధ్యే, ఆమె డీమన్ పాంటలైమన్ మాటా వాటి మధ్యే. కన్ను రెండింటినీ ఒక్కటిగా మింగేస్తుంది. చెవికి అలా కుదరదు. లైరాగా జో వయట్ గొంతు గడుసుగా, అబద్ధం చెప్పేటప్పుడు మరింత హుషారుగా పలుకుతుంటే, పక్కనే ఇంకో గొంతు గుసగుసగా అడ్డుపడుతూ, భయపడుతూ, బుజ్జగిస్తూ ఉంటుంది. ఒక మనిషికి రెండు గొంతులు. కొన్ని గంటలయ్యాక ఆ రెండో గొంతు లేకుండా లైరాను ఊహించలేము. పుల్‌మన్ రాసినదంతా ఈ అలవాటు మనకు అయ్యేదాకా ఆగి, ఆ తరువాత దాన్ని లాగేయడానికే అనిపించింది.

మొదటి పుస్తకంలో ఎండుచేపల కొట్టం ఘట్టం ఉంది. మంచులో ఒక పల్లె. వరసగా వేలాడదీసిన చేపలు, చెక్కల్లా బిగుసుకుపోయి. ఆ కొట్టంలో ఒక పిల్లాడు ముడుచుకుని ఉంటాడు. వాడి డీమన్‌ను కోసేశారు. దాని బదులు ఒక ఎండుచేపను గుండెకు హత్తుకుని ఉంటాడు. చదివినప్పుడు ఇది నాకు దిగులు కలిగించింది, అంతే. విన్నప్పుడు మాత్రం లేచి బయటికి వెళ్లాల్సి వచ్చింది. మాకు ఎండుచేప అంటే కొత్తపట్నం. చిన్నప్పుడు అక్కడి ఇసుకలో ఆరబోసిన చేపల మధ్య పరుగెత్తాను. ఆ వాసన, వేళ్లకు తగిలే ఉప్పు, కరుకు పొలుసు అన్నీ తెలుసు. అంత కరుకైనదాన్ని ఒక పిల్లాడు ప్రాణం అనుకుని పట్టుకున్నాడు. వాడు తన డీమన్ ఏదని పేరు పెట్టి అడుగుతాడు. తెల్లవారేసరికి వాడు చనిపోతే, చేతిలోని ఆ చేపను కూడా ఎవరో తీసేసి కుక్కలకు వేస్తారు. లైరాకు వచ్చిన కోపం వింటుంటే నాకూ వచ్చింది. ఆమె ఒక బంగారు నాణెం మీద ఆ డీమన్ పేరు గీసి పిల్లాడికి తోడుగా పెడుతుంది. ఆ రాత్రి థర్మామీటర్ చూడటం ఒకసారి తప్పిపోయింది. ఆకు కొంత రంగు తగ్గింది. తప్పు నాదే.

పగలు షెడ్డులో అమ్మ, మరో నలుగురు కూర్చుని ఆకు గ్రేడింగ్ చేస్తుంటే, రాత్రి విన్న భాగాన్నే ఫోను స్పీకర్లో మళ్లీ పెట్టేవాడిని. అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా రెండో రోజుకే మనుషులను గుర్తుపట్టింది. కవచం తొడుక్కున్న ఎలుగుబంటి మాట్లాడితే “అదిగో, గోలెంలో గొంతు” అనేది. మిసెస్ కూల్టర్ పాత్ర నోరు విప్పగానే ఆకు కింద పెట్టి, “ఈవిడ మంచిది కాదు నాయనా, మాటలో బెల్లం ఎక్కువైంది” అంది. కథ నేనింకా చెప్పనే లేదు. మా ఇంట్లో పాత ‘మాయాబజార్’ మాటల క్యాసెట్ ఉండేది. బొమ్మ లేకుండానే ఎవరు ఎవరో తెలిసేది కదా, అదే విద్య ఇది. ఒక్కరే చదివిన ఆడియోబుక్ పెట్టి ఉంటే అమ్మ గంటలో లేచిపోయేది.

ఒక్కరు చదివినవి తక్కువ అని కాదు. ఈ కథకు ముందు జరిగే కథతో పుల్‌మన్ తరువాత రాసిన ‘లా బెల్ సావేజ్’ను మైకేల్ షీన్ ఒక్కడే చదివాడు. అది హరికథ దాసుగారి పద్ధతి. అందెలు ఆయనవే, రావణుడూ ఆయనే, సీతా ఆయనే. షీన్ వరద ఘట్టాలను చదివిన ఊపు ఈ బృందంలో ఎవరికీ రాదు. చేయి తిరిగిన దాసుగారు దొరికితే నాటకం కంటే హరికథే మేలు అనేవారితో నాకు పేచీ లేదు. కానీ మనిషీ డీమనూ పక్కపక్కన నడిచే ఈ కథకు రెండు నోళ్లు ఉంటేనే నిండుతనం.

ఇక లోపాలు. రికార్డింగ్ పాతది. రచయిత మెల్లగా చదువుతుంటే వినపడాలని శబ్దం పెంచుతాము, వెంటనే ఎలుగుబంటి గర్జిస్తుంది, కుక్కలన్నీ లేస్తాయి. చిన్న పాత్రల్లో కొన్ని గొంతులు ఒకేలా ఉండి తికమక పెడతాయి. బెలూను నడిపే టెక్సాస్ మనిషి యాస నా చెవికి పట్టడానికి రెండు రాత్రులు పట్టింది. మూడో పుస్తకంలో చక్రాల మీద తిరిగే జీవుల అధ్యాయాలు చదివేటప్పుడు కన్ను జారిపోతుంది, హాయి. వినేటప్పుడు జారడానికి వీల్లేదు, అవి సాగుతూనే ఉంటాయి. వీటన్నిటికంటే పెద్ద చిరాకు నేను వాడిన యాప్‌తో. పొలంలో సిగ్నల్ పోయి వచ్చినప్పుడల్లా ఆపిన చోటు మరిచిపోయేది. ఇప్పుడు పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకుని, ఏ అధ్యాయం దగ్గర ఆపానో బ్యారన్ తలుపు మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాను. ఇంకొకటి, ఇయర్‌ఫోను ఒక్క చెవికే. రెండో చెవి పొయ్యికి.

ఇంగ్లీషు చదవడం వచ్చి, వినడం అలవాటు లేనివారు మొదటి మూడు అధ్యాయాలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని వినండి. తరువాత అవసరం రాదు. కొత్తవారికంటే ఒకసారి చదివినవారికే దీన్ని గట్టిగా చెబుతాను. ఏం జరగబోతుందో తెలిసి వినడంలోనే దీని బలం ఉంది.

మూడో పుస్తకంలో లైరా చనిపోయినవారి లోకానికి పడవ ఎక్కాలి. డీమన్‌కు పడవలో చోటు లేదు. పాంటలైమన్ ఒడ్డున మిగిలిపోతాడు. ఆ తరువాత చాలా అధ్యాయాల పాటు ఆ గొంతు ఉండదు. పుస్తకంలో ఇది ఒక సంఘటన. చెవిలో మాత్రం పన్ను ఊడిన ఖాళీలా గంటల తరబడి తగులుతూనే ఉంటుంది. మర్నాడు షెడ్డులో ఆ భాగం నడుస్తోంది. కాసేపటికి అమ్మ తలెత్తింది.

“ఆ పిల్ల పక్కన ఇంకో గొంతు ఉండేదే, ఏమైంది? చనిపోయాడా?”

“లేదమ్మా, ఒడ్డున వదిలేసి వెళ్లింది.”

“ఎందుకు వదిలింది?”

చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. గ్రేడింగ్ చేసేవాళ్లు కూడా చేతులు ఆపేశారు. అయిదు రోజుల తరువాత ఒక తెల్లవారుజామున, ఈనె ఎండే రాత్రి, పాంటలైమన్ మళ్లీ మాట్లాడాడు. ఆ అధ్యాయం గుర్తు పెట్టుకుని, ఉదయం అమ్మ వచ్చి కూర్చోగానే స్పీకర్లో పెట్టాను. రెండు వాక్యాలు వింది.

“వచ్చాడా” అని, మళ్లీ ఆకులో చేయి పెట్టింది.