స్టీరియో జూమ్ మైక్రోస్కోప్: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

సర్క్యూట్ బోర్డుల రిపేరుకీ తనిఖీకీ ఒక ట్రైనాక్యులర్ (కెమెరాకు మూడో గొట్టం ఉన్న) స్టీరియో మైక్రోస్కోప్‌ను (రెండు కళ్లతో చూస్తే లోతు తెలిసేది) చాలా ఏళ్లుగా వాడుతున్నాను. జూమ్ 0.7 నుంచి 4.5 రెట్లు, కన్ను పెట్టి చూసే ఐపీస్‌లు 10 రెట్లవి. అంటే మొత్తం 7 నుంచి 45 రెట్లు. ఇంతేనా అని చూసినవాళ్లు పెదవి విరుస్తారు కానీ నేను 20 దాటించేదే అరుదు. మిల్లీమీటరు పొడవు, అందులో సగం వెడల్పు ఉండే 0402 రెసిస్టర్ అతికించడానికి 10 రెట్లు చాలు. అంతకు మించి జూమ్ చేసేది ఐసీ చిప్ కాళ్ల మధ్య సోల్డర్ (కరిగించి అతికించే లోహం) కలిసిపోయిందా, జాయింట్ చిట్లిందా అని చూడ్డానికే.

కొనేముందు చూడాల్సింది వర్కింగ్ డిస్టెన్స్. లెన్సుకీ బోర్డుకీ మధ్య 10 సెంటీమీటర్లే ఉంటే సోల్డరింగ్ ఐరన్ తిప్పడానికి ఇరుకు. కింద 0.5 బార్లో అనే అదనపు లెన్సు బిగించాక ఖాళీ బాగా పెరిగింది. రెట్లు సగమయ్యాయి, అయితేనేం, బోర్డు అంతకు రెట్టింపు వెడల్పున కనిపిస్తోంది. సోల్డర్ అంటుకోడానికి వాడే ఫ్లక్స్ పొగ పట్టేదీ ఇప్పుడు దానికే, అసలు లెన్సు శుభ్రంగా ఉంటోంది.

తర్వాతది లైటు. రింగ్ లైటులోని ఎల్‌ఈడీలన్నీ మెరిసే సోల్డర్ మీద చుక్కలు చుక్కలుగా కనబడి పగులును కప్పేస్తాయి. వెలుతురును చెదరగొట్టే డిఫ్యూజర్ వేసి, పక్క నుంచి ఏటవాలుగా ఇంకో లైటు పెడితే పగులు నీడతో సహా బయటపడుతుంది.

నచ్చనిది కెమెరా. వెలుతురును కెమెరాకు మళ్లించే మీట లాగితే ఒక కన్ను మూసుకుపోయి లోతు తెలీదు. యూఎస్‌బీలో బొమ్మ చేతి కంటే వెనకబడుతుంది, దాన్ని చూస్తూ సోల్డరింగ్ చేయడం టెన్షనే. ఫోటోలకు మాత్రం పర్వాలేదు.

చదువుకునే పిల్లలకు ఏది కొనాలని అడుగుతుంటారు. పురుగులు, పూలు, రాళ్లు చూపించాలంటే ఇదే మేలు. ఉల్లిపొర కణాలు చూడాలంటే కింద నుంచి లైటు వచ్చే కాంపౌండ్ మైక్రోస్కోప్ కావాలి. అక్కడ '2000 రెట్లు' అన్న అట్టపెట్టెను నమ్మొద్దు. ఆబ్జెక్టివ్ (వస్తువు వైపు లెన్సు) మీద రాసిన ఎన్‌ఏ (సన్నని వివరాలను విడదీసే శక్తిని చెప్పే) అంకెను వెయ్యితో గుణిస్తే వచ్చేదే పనికొచ్చే హద్దు. 40 రెట్ల ఆబ్జెక్టివ్‌కు సాధారణంగా 0.65, అంటే 650 రెట్లు. ఆపైన బొమ్మ పెద్దదవుతుందే గానీ కొత్త వివరం రాదు.

జూమ్ మార్చినప్పుడల్లా ఫోకస్ పోతోందంటే యంత్రాన్ని తిట్టకండి. ఎక్కువ జూమ్‌లో ఫోకస్ చేసి, తక్కువకు వచ్చాక నాబ్ ముట్టుకోకుండా ఒక్కో కంటికీ ఐపీస్ దగ్గరి డయాప్టర్ రింగు సరిచేయండి. మైక్రోస్కోప్ తల తన బరువుకు కిందికి జారుతుంటే, చాలా మోడళ్లలో ఒక ఫోకస్ నాబ్ పట్టుకుని రెండోది తిప్పితే బిగుసుకుంటుంది.