ఈపీఏబీఎక్స్ కార్డు మార్చాలి: ఆన్‌లో ఉండగానే లాగాలా, మొత్తం ఆపేయాలా?

చెన్నైలో మనవాళ్ల లాడ్జీలు, క్లినిక్‌లు, టీ.నగర్ బట్టల షాపులు చాలావాటిలో ఇప్పటికీ పాత ఈపీఏబీఎక్స్‌లే (బయటి లైన్లని లోపలి ఫోన్లకి కలిపే పెట్టెలు) నడుస్తున్నాయి. వరసగా ఉన్న ఎనిమిదో పదహారో ఎక్స్‌టెన్షన్లు, అంటే లోపలి ఫోన్లు, ఒక్కసారిగా డెడ్ అయితే ముందు అనుమానించాల్సింది వాటికి లైను ఇచ్చే ఎస్‌ఎల్‌టీ కార్డునే. వాన, పిడుగుల తర్వాత బయటి లైన్లు పోతే అవి వచ్చి కలిసే ట్రంక్ కార్డుని చూడాలి. కార్డు మార్చడం పెద్ద పని కాదు, ఎలా మారుస్తామన్నదాని మీదే మిగతా సిస్టమ్ బతుకు ఉంది.

"అన్నా, ఆన్‌లోనే మార్చేయ్, ఐదు నిమిషాలే కదా" అని మేనేజర్లు తొందరపెడతారు. కొన్ని సిస్టమ్స్‌లో అది నిజంగానే కుదురుతుంది. అలా డిజైన్ చేసిన కార్డులకి కనెక్టర్ పిన్నులన్నీ ఒకే పొడుగు ఉండవు, ముందు గ్రౌండ్ తగులుతుంది, తర్వాత పవర్, చివరికి సిగ్నల్ పిన్నులు. ఆ ఏర్పాటు లేని కార్డుని ఆన్‌లో గుచ్చితే దానిమీది కెపాసిటర్లు ఒక్క క్షణం కరెంటు గట్టిగా లాగుతాయి, కార్డులన్నీ గుచ్చుకునే వెనక బోర్డు, అంటే బ్యాక్‌ప్లేన్ మీద వోల్టేజ్ పడిపోతుంది, పక్క కార్డులు రీసెట్ అవుతాయి, ఒక్కోసారి కొత్త కార్డే కాలిపోతుంది. కంపెనీ పేరు చూసి నిర్ణయించడం కూడా కుదరదు. అవయా డెఫినిటీలో 'బిజీఅవుట్ బోర్డ్' కమాండ్ ఇచ్చి కార్డుని సేవలోంచి తప్పించి మార్చి, తర్వాత 'రిలీజ్ బోర్డ్' ఇస్తారు. అదే కంపెనీ ఐపీ ఆఫీస్ 500లో బేస్ కార్డు ముట్టుకోవాలంటే సిస్టమ్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి పవర్ తీసేయాల్సిందే. కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లో 'ఆన్‌లో తీయొచ్చు' అని స్పష్టంగా ఉంటేనే తీయండి, అదీ కాల్స్ ఆ కార్డు మీద లేకుండా చూసుకుని. సీపీయూ కార్డు, పవర్ సప్లై కార్డు విషయంలో, అలాంటిదే ఇంకోటి స్టాండ్‌బైలో సిద్ధంగా లేనప్పుడు, ఈ ఆలోచనే వద్దు.

మరి ఆపేసి మారిస్తే నిశ్చింతేనా? మొదటి చిక్కు, మెయిన్స్ స్విచ్ కట్టేసినా చాలా సిస్టమ్స్ ఆగవు, 48 వోల్టుల బ్యాటరీ బ్యాంక్ మీద నడుస్తూనే ఉంటాయి, దాని స్విచ్ కూడా తీయాలి. రెండోది, అన్నీ ఆపినా ట్రంక్ కార్డు మీది బయటి లైన్లలో ఎక్స్‌చేంజ్ నుంచి వచ్చే కరెంటు ఉంటుంది, ఎవరైనా ఫోన్ చేస్తే రింగ్ వోల్టేజ్ దగ్గరదగ్గర 75 వోల్టుల ఏసీ, చేతికి బాగానే తగులుతుంది. క్రోన్ (ఫోన్ వైర్లన్నీ వచ్చి కలిసే కనెక్టర్ పట్టీ) దగ్గర ఆ వైర్ల జతలు విడదీసి మొదలుపెట్టండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు దంచే రోజుల్లో ఉరుములు వినిపిస్తుంటే ఆ లైన్ల జోలికి అసలు వెళ్లొద్దు.

మూడోది ఎక్కువమంది పట్టించుకోని విషయం, ఎర్త్. కరెంటు భయంతో త్రీ పిన్ ప్లగ్ లాగేస్తారు, క్యాబినెట్‌కి విడిగా ఎర్త్ వైరు లేకపోతే దాంతో ఎర్త్ కూడా పోతుంది, అప్పుడు రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని స్టాటిక్‌ని ఎర్త్‌కి పంపే మణికట్టు పట్టీ) క్యాబినెట్‌కి కట్టినా లాభం తక్కువ. విడి ఎర్త్ వైరు గట్టిగా ఉందో లేదో చూసుకున్నాకే ప్లగ్ లాగండి. చెన్నై ఉక్కలో స్టాటిక్ ఎక్కడిది అంటారు. తేమలో తక్కువ పుడుతుందన్నది నిజమే, కానీ రోజంతా ఏసీ నడిచే గదిలో గాలి పొడిబారిపోతుంది. మనకి చురుక్కుమని తెలియడానికి సుమారు 3000 వోల్టులు కావాలి, కొన్ని చిప్‌లు 100 వోల్టులకే దెబ్బతింటాయి, అంటే పాడుచేసినట్టు మనకి తెలియను కూడా తెలియదు. కార్డుని అంచులు పట్టుకునే ఎత్తాలి, బంగారు రంగు పిన్నుల మీద వేలు పడకూడదు.

ఆపడంలో అసలు భయం మాత్రం పాత సిస్టమ్‌కే. ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన పెట్టెలో సీపీయూ కార్డు మీది చిన్న బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, పవర్ తీయగానే ఎక్స్‌టెన్షన్ నంబర్లు, గ్రూపులు మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. ముసలి పవర్ సప్లై కూడా నడిచినంతకాలం నడుస్తుంది, ఒకసారి చల్లారాక మళ్లీ లేవకపోవచ్చు. ప్రోగ్రామింగ్ బ్యాకప్ చేతిలో లేకుండా ఏ స్విచ్చూ ఆపకండి. బ్యాకప్ తీసే వీలు లేకపోతే నంబర్లన్నీ కాగితం మీదైనా రాసుకోండి.

అందుకే నేను మూడో దారి వైపు మొగ్గుతాను. కార్డు పోయిన పూటే మార్చాలని ఎవరన్నారు? వేరే ఎస్‌ఎల్‌టీ కార్డులో ఖాళీ పోర్టులుంటే ముఖ్యమైన ఎక్స్‌టెన్షన్ల జంపర్ వైర్లని క్రోన్ దగ్గర అక్కడికి మార్చి, ఆ పోర్టులకి పాత నంబర్లే ఇచ్చేస్తే అరగంటలో రిసెప్షన్‌కి, డ్యూటీ రూముకి ఫోను వస్తుంది. గ్రీమ్స్ రోడ్డు దగ్గరి లాడ్జీల సంగతి తీసుకోండి, మన ఊళ్ల నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు దిగేది అక్కడే. పేషెంటుకి అర్ధరాత్రి ఏమైనా అయితే రూములోంచి కిందికి ఫోన్ కొట్టడమే వాళ్లకి దిక్కు, మనకి వీలని రాత్రిపూట సిస్టమ్ ఆపేస్తే వాళ్లేమైపోవాలి? జంపర్లు మార్చి, మధ్యాహ్నం రద్దీ లేని వేళ చూసి, రిసెప్షన్‌లో మొబైల్ నంబర్ ప్రతి రూముకీ చెప్పి, అప్పుడు ఆపి మార్చండి. బట్టల షాపుకైతే ఈ బాధ లేదు, షట్టర్ దించాక హాయిగా చేసుకోవచ్చు. ఖాళీ పోర్టులే లేకపోతే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఇంజనీరుని పిలవండి, కానీ బ్యాకప్ తీశాడో లేదో మీరే అడగండి.

రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్లు రంగూ సైజూ చూసి తెచ్చేయకండి. పార్ట్ నంబర్ ఒక్క అక్షరం తేడా లేకుండా చూడండి, వెర్షన్ కూడా సరిపోవాలి. చాలా సిస్టమ్స్‌లో స్లాట్‌లో వేరే రకం కార్డు పెడితే ఆ స్లాట్ ప్రోగ్రామింగ్ నిలవదు. పెట్టాక లైట్ స్థిరపడేదాకా ఆగి, ఒక్కో పోర్టుకి లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి రింగ్ ఇచ్చి చూసి, అప్పుడే మూత బిగించండి.