కొండ ఎక్కిన పులిహోర: గుంటూరు బ్రాడీపేట పచ్చళ్ళ దుకాణంపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి ముందు గదిలో నడిచే పచ్చళ్ళు, పొడుల దుకాణం, పిల్లలను విదేశాలకు చదువుకు పంపే కుటుంబాలకు బాగా తెలిసినదే. బోర్డు చిన్నది. అద్దాల బీరువాల్లో సీసాలు వరుసగా పేర్చి ఉండవు. అడిగినదాన్ని లోపలి నుంచి తెచ్చి, అరచేతిలో కాస్త వేసి రుచి చూపించి, ఆ తరువాతే తూకం వేస్తారు. వేడి అన్నంలో వీరి గోంగూర ఎలా ఉంటుందో ఊళ్ళో చాలామందికి తెలుసు కనుక దాని జోలికి పోను. మ్యూనిక్‌లో చదువుకుంటున్న నేను వారాంతంలో స్నేహితులతో కలిసి ఆల్ప్స్ కొండ ఎక్కినప్పుడు, పొయ్యి లేని చోట, చలిగాలిలో, సంచిలోని ప్రతి వస్తువునూ వీపుమీదే మోయవలసిన చోట, ఈ దుకాణం సరుకు ఎంతవరకు పనికివచ్చిందో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. ప్రయాణం సంగతి తెలిసి పొట్లం కట్టే దుకాణం ఇది. లేబుళ్ళ విషయంలో మాత్రం వెంటనే మారాలి.

ఏం కావాలని అడిగేలోపే ఏ దేశం వెళ్తున్నారని అడగడం అక్కడి పద్ధతి. అమ్మతో కలిసి వెళ్ళి నేను కోడిమాంసం పచ్చడి అడిగితే, దుకాణం నడిపే ఆవిడ నా ముఖం చూసి, "జర్మనీకైతే అది నేను కట్టనమ్మా. అక్కడ విమానాశ్రయంలో తీసి పారేస్తారు, నీ డబ్బు దండగ. రొయ్యల పచ్చడి పట్టుకెళ్ళు" అన్నారు. "పోనీ కొద్దిగా పెట్టండి పిన్నిగారూ, పిల్లకు ఇష్టం" అని అమ్మ బతిమాలినా ఒప్పుకోలేదు. ఆవిడ చెప్పినది అక్షరాలా నిజం. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసంతో చేసిన పదార్థాలనూ, పాల పదార్థాలనూ సామానులో తీసుకురాకూడదు. కాబట్టి కోడి, వేట పచ్చళ్ళతోపాటు నెయ్యి డబ్బా కూడా కుదరదు. చేపలు, రొయ్యల వంటి వాటికి మాత్రం 20 కిలోల వరకు అనుమతి ఉంది. పచ్చి కరివేపాకు రెబ్బలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. చేతికి వచ్చే బేరాన్ని వదులుకుని ఈ మాట చెప్పే వ్యాపారి దొరకడం అరుదు. ఆ ఒక్క కారణానికే నేను ఈ దుకాణాన్ని ఎవరికైనా ధైర్యంగా చెప్పగలను.

మేము వెళ్ళిన కొండ పేరు హెర్ట్సోగ్‌ష్టాండ్, ఎత్తు 1731 మీటర్లు. మ్యూనిక్ నుంచి కోఖెల్ వరకు రైలు, అక్కడి నుంచి బస్సు. వాల్షెన్‌జే సరస్సు ఒడ్డు సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది కనుక, తీగమార్గం (కేబుల్ కార్) ఎక్కకుండా నడిచి వెళ్ళేవారు తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎక్కాలి. శిఖరం దాటాక పక్కనున్న హైమ్‌గార్టెన్ కొండ వైపు సాగే సన్నని కొండకొమ్ము మీద అక్కడక్కడ ఇనుపతాడు పట్టుకుని నడవవలసి ఉంటుంది. అందుచేత చేతులు ఖాళీగా ఉండాలి, సంచి తేలికగా ఉండాలి, తిండి నిలబడి తినగలిగేదై ఉండాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. గాలి వీచే కొమ్ము మీద ఆ తగ్గుదల ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. దుకాణం సరుకుకు అసలైన పరీక్ష ఈ చలే.

అన్నిటికంటె బాగా నిలిచింది పులిహోర పులుసు. ముందురోజు రాత్రి మా హాస్టల్ వంటగదిలో అన్నం వండి, పళ్ళెంలో పరచి చల్లార్చి, ఈ పులుసు కలిపి డబ్బాలకు సర్ది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టుకున్నాము. మన ఇళ్ళలో తీర్థయాత్రలకు పులిహోర కట్టుకుని వెళ్ళే అలవాటు ఊరికే రాలేదు. చింతపండు పులుపు అన్నాన్ని త్వరగా పాడవనివ్వదు, తినడానికి వేరే కూర అక్కరలేదు. అయితే అన్నం ఎంత చల్లబడితే అంత గట్టిపడుతుంది. మ్యూనిక్‌లోని ఆసియా దుకాణాల్లో దొరికే థాయ్ జాస్మిన్ బియ్యం కాస్త జిగురు రకం కావడం వలన చలిలో కూడా మెత్తగానే ఉంది. అదే పులుసు బాస్మతిలో కలిపి తెచ్చిన తెనాలి స్నేహితురాలి డబ్బాలో మెతుకులు పలుకుపలుకుగా బిరుసెక్కాయి. ఈ దుకాణం పులుసులో ఇంగువ సరిగ్గా పడుతుంది, వేరుశనగ గుళ్ళు నానిపోకుండా విడి పొట్లంలో ఇస్తారు, బెల్లం అతి చేయరు. ఒక చెంచా పులుసుకు ఎంత అన్నమో పొట్లం మీద రాసి ఉంటే, వంట కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థులకు ఇంకా మేలు జరుగుతుంది.

తరువాతి స్థానం కరివేపాకు పొడిది. శిఖరం కింద బల్లల మీద కూర్చుని, జర్మన్ సహాధ్యాయులు రొట్టె మీద వెన్న రాసుకుంటుంటే, ఆ వెన్న మీదే మేము పొడి చల్లి ఇచ్చాము. రై అనే ధాన్యపు పిండితో చేసిన ఆ ముదురు రొట్టె పులుపుకు కరివేపాకు చిరుచేదు ఎంత బాగా కుదిరిందంటే పొట్లం అక్కడే సగమైంది. ఘాటు విషయంలోనూ దుకాణం వారి విచక్షణ మెచ్చుకోదగ్గది. గుంటూరు మిర్చి యార్డులో అమ్ముడయ్యే మిరపలో తేజ రకం ఘాటు బాగా ఎక్కువ. ఇతరులతో పంచుకునే పొడి అని చెబితే తేజ వాడకుండా, భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం రకంతో, కారం తగ్గించి దంచి ఇస్తారు. మా విజయవాడ మిత్రుడికి ఇది చప్పగా అనిపించి, తన పొట్లంలోని నల్లకారం తీశాడు. ఇంధనోత్పత్తి చదువుతున్న ఆయన, కిందనున్న వాల్షెన్‌జే, కోఖెల్‌జే సరస్సుల మధ్య సుమారు 200 మీటర్ల ఎత్తు తేడా ఉందనీ, ఆ తేడాతోనే 1924 నుంచి వాల్షెన్‌జే జలవిద్యుత్కేంద్రం నడుస్తోందనీ వివరిస్తూ ఆ నల్లకారమంతా ఒక్కడే తిన్నాడు.

వేరుశనగ ఉండలు దిగేటప్పుడు మోకాళ్ళు అలసిన సమయంలో అక్కరకు వచ్చాయి. చెక్కలు కరకరలాడాయి, చెమట పట్టిన ఒంటికి వాటి ఉప్పు హాయిగా అనిపించింది, కానీ సంచిలో సగం పొడైపోయాయి. వాటిని కవరులో కాక గట్టి డబ్బాలో ఇవ్వాలి. అరిసెలు మాత్రం కొండకు తగవు. చలికి బిగుసుకుపోయి, మెత్తదనమంతా పోయి, పంటికి పని పెట్టాయి. గోంగూర పచ్చడి రుచికి వంక లేకపోయినా, ఎన్ని పొరలు కట్టినా నూనె ఊరే వస్తువు కనుక నడకసంచిలో దానికి చోటు లేదు. అది గదిలో వేడి అన్నానికే ఉండనివ్వాలి.

ఇక లేబుళ్ళ సంగతి. కొమ్ము మీద పులిహోర డబ్బా చేతులు మారుతుండగా, మాతో వచ్చిన స్పెయిన్ అమ్మాయి తనకు వేరుశనగ పడదనీ, ఇందులో ఏమేమి ఉన్నాయో చెప్పమనీ అడిగింది. పొట్లం మీద చేతిరాతతో "పులిహోర" అని తప్ప ఏమీ లేదు. గుళ్ళు విడి పొట్లంలో ఉన్నా, పోపు ఏ నూనెతో పెట్టారో మాలో ఎవరికీ తెలియదు కనుక ఆమె ముట్టుకోలేదు, ముట్టుకోకపోవడమే సరైనది. సాయం అందడానికి చాలాసేపు పట్టే కొండ మీద అలాంటి సందేహాన్ని తేలికగా తీసుకోకూడదు. ఐరోపా చట్టం ప్రకారం ఆహారంపై తప్పనిసరిగా తెలియజేయవలసిన 14 రకాల అలర్జీ పదార్థాల్లో వేరుశనగ, నువ్వులు, ఆవాలు, గోధుమ అనే నాలుగూ మన పచ్చళ్ళలో, పొడుల్లో తరచు కనిపించేవే. ఆవపిండి లేని ఆవకాయ అరుదు, నువ్వుల నూనె వాడని ఇల్లు తక్కువ. మన బజారులో డబ్బాల్లో దొరికే ఇంగువలో తరచు గోధుమపిండి కలిపి ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. మన దేశంలో కూడా ప్యాకెట్ కట్టి అమ్మే ఆహారం మీద పదార్థాల జాబితా, తయారీ తేదీ, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండాలి. ఇంత శ్రద్ధగా కట్టే చేతులకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక చిన్న చీటీ అచ్చు వేయించడం పెద్ద పని కాదు. సెలవుల్లో వచ్చినప్పుడు ఈ మాటే ఆవిడతో అంటే, "నిజమేనమ్మా, అబ్బాయితో చెప్పి చేయిస్తాను" అన్నారు. ఇది చదివేవారిలో అక్కడ కొనేవారుంటే మీరు కూడా అడగండి.

ధర ఊళ్ళోని పెద్ద దుకాణాలకంటె కొంచెం ఎక్కువే. పొడులను పావుకిలో చొప్పున విడివిడిగా సీలు వేసి ఇస్తారు కనుక, ఒకటి విప్పినా మిగతావి తాజాగా ఉంటాయి. ఆ లెక్కన నాకు ఖరీదు అనిపించలేదు. పచ్చళ్ళను చేతిసంచిలో కాక చెక్-ఇన్ సామానులోనే పెట్టాలని వారే గుర్తుచేస్తారు. కారం తగ్గించిన పొడి కావాలన్నా, గుళ్ళు, నువ్వులు వేయకుండా దంచాలన్నా ప్రయాణానికి వారం ముందే చెప్పాలి, ఎందుకంటే రోలూ జల్లెడా కడిగి ఆరబెట్టుకుని వేరుగా చేస్తారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రద్దీ ఎక్కువ. ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు వేసి ఉంటుంది కనుక ఉదయం పూట వెళ్ళడం మంచిది.