కొత్త లోక: ఆకలి కనిపించినంతసేపూ అద్భుతం

దాదాపు 30 కోట్ల రూపాయలతో తీసిన సినిమా 300 కోట్లు దాటి వసూలు చేసిందంటే అందులో డబ్బుతో కొనలేనిది ఏదో ఉండాలి. 2025 ఆగస్టులో వచ్చిన మలయాళ చిత్రం ‘లోక చాప్టర్ 1: చంద్ర’లో అది ఉంది. తెలుగులో దీని పేరు ‘కొత్త లోక’. బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో, చెల్లెలితో కలిసి ఓటీటీలో తెలుగు మాటలతో చూశాను. నచ్చింది. నచ్చింది కాబట్టే కొంత కోపం కూడా వచ్చింది.

కథ జరిగేది మా బెంగళూరులోనే. రాత్రిపూట మాత్రమే బయట తిరిగే చంద్ర (కల్యాణి ప్రియదర్శన్) ఒక అపార్ట్‌మెంటులో దిగుతుంది. ఎదుటి ఇంటి కుర్రాడు సన్నీ (నస్లెన్) ఆమెను గమనిస్తూ ఉంటాడు. కేరళ జానపద కథల్లో దారిన పోయేవాళ్లను సున్నం అడిగి నెత్తురు తాగే యక్షిణులు ఉంటారు. అలాంటి కల్లియంకాట్టు నీలిని దర్శకుడు డొమినిక్ అరుణ్ సూపర్ హీరోను చేశాడు. ఆ నీలే ఈ చంద్ర. ఆలోచన ఎంత గొప్పదంటే, మొదటి గంటలో ఆకాశంలో ఎగిరే దృశ్యం ఒక్కటీ లేకపోయినా నాకు వెలితి అనిపించేది కాదు. నిమిష్ రవి కెమెరా ఈ ఊరి రాత్రిని ఎర్రటి వెలుగులో ముంచింది. నైట్ డ్యూటీ ముగించుకుని ఖాళీ రోడ్ల మీద ఇంటికి వచ్చే ఆడవాళ్లకు తెలిసిన రాత్రి అది. భయపడవలసిన మనిషే మనకు అండగా నడుస్తుంటే ఎలా ఉంటుందో ఆ గంటలో తెలుస్తుంది.

నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ను. అందువల్ల చంద్ర మెడలు కొరకకుండా ప్యాకెట్లలోని రక్తంతో బతుకుతోందని తెలిసిన క్షణం నిటారుగా కూర్చున్నాను. ఎర్ర కణాల ప్యాకెట్టును 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచాలి. కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజుల తర్వాత పారేయాల్సిందే. పండుగ సెలవుల్లో దాతలు తగ్గిపోతారు. ఓ-నెగెటివ్ రక్తం రెండు ప్యాకెట్లే మిగిలిన రాత్రి, అదే గ్రూపు బాలింత ఆపరేషన్ బల్ల మీద ఉంటే? అక్కడికి చంద్ర కూడా వస్తే? ఒక ఫ్రిజ్, ఒక ట్యూబ్‌లైట్, ఇద్దరు మనుషులు చాలు. గ్రాఫిక్స్ ఖర్చు రూపాయి అక్కర్లేదు. అవయవాల దొంగ వ్యాపారాన్ని కథలోకి తెచ్చినవాళ్లు ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చి కూడా ఈ తలుపు తట్టలేదు. ఆమె ఆకలికి ఎవరో మూల్యం చెల్లిస్తున్నారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నీలి బాల్యం చూపే ఘట్టం మాత్రం ఎంతో బాగుంది. గుడిలోకి వెళ్లిన పాపానికి రాజు మనుషులు ఒక గూడేన్నే నాశనం చేస్తే, ఆ పిల్ల చేతిలోని శక్తి వరమో శాపమో తేల్చుకోలేక నా గొంతు పట్టేసింది. ఇన్‌స్పెక్టర్ నాచియప్ప గౌడగా శాండీ కూడా భయపెట్టాడు. కోరలు రాకముందే ఆ మనిషిలో రాక్షసుడున్నాడు. రెండో సగం తుపాకులకు, తర్వాతి భాగాల పరిచయాలకు వెళ్లిపోవడంతో ఇదంతా పలచబడింది. అతిథి పాత్రలు రాగానే మా చెల్లెలు చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం చంద్ర దూరమైనట్టు అనిపించింది.

ఇదే దారిలో 2019లో హాలీవుడ్ నుంచి ‘బ్రైట్‌బర్న్’ వచ్చింది. అక్కడి లెక్కల్లో అది చాలా చిన్న బడ్జెట్. ఆకాశం నుంచి పడిన పిల్లవాడిని కాన్సస్‌లో రైతు దంపతులు పెంచుకుంటారు, పన్నెండేళ్లకు వాడు హంతకుడవుతాడు. హోటల్లో పనిచేసే ఆమె కంట్లో గాజుముక్క దిగినప్పుడు ఆ కంటితోనే మనకు అంతా ఎర్రగా, మసకగా చూపిస్తారు. ఆమె దాన్ని వేళ్లతో లాగుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. అయితే ఆ పిల్లవాడికి మంచివాడయ్యే అవకాశం కథ ఎక్కడా ఇవ్వలేదు. తల్లి పాత్రలో ఎలిజబెత్ బ్యాంక్స్ ప్రేమ అంత నిజంగా ఉన్నా, వాడి వైపు పెనుగులాట లేకపోవడంతో హత్యలే మిగిలాయి. ‘కొత్త లోక’లో చంద్ర ప్రతి రాత్రీ తనను తాను ఆపుకుంటుంది. అందుకే నా ఓటు దీనికే.

తెలుగువాళ్లు ఇలాంటిది తీస్తే చూడాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఒకప్పుడు మన ఊళ్లలో రాత్రిపూట వచ్చే ఆడ దెయ్యం వెనక్కి వెళ్లిపోవాలని తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. కర్ణాటకలోనూ గోడల మీద ‘నాళె బా’ (రేపు రా) అని రాశారు. ప్రతి రాత్రీ ఆ రాత చదివి వెనక్కి తిరిగే ఆమె వైపు నుంచి కథ చెప్పండి. లోపల భార్యను కొడుతున్న ఇంటి ముందు ఆమె ఆ రాతను లెక్కచేయకుండా లోపలికి అడుగు పెట్టనివ్వండి. ఒక వీధి, ఒక తలుపు చాలు.

ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ అరమార్కు నీలి బాల్యానికి. రాత్రి, దీపాలు ఆర్పి, తెలుగులోనో మలయాళంలోనో చూడండి. చివరి పేర్లు పడుతున్నా లేవకండి, ఆ తర్వాత కూడా సన్నివేశాలున్నాయి.