ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు బిగించిన పదేళ్ల తర్వాత

2015లో మొదలైన ఉజాలా పథకం కింద తక్కువ ధరకు దొరికిన రెండు ఎల్‌ఈడీ బల్బులతో మొదలుపెట్టి, రెండేళ్లలో మా ఇంటి దీపాలన్నిటినీ మార్చేశాం. అంతకు ముందు హాల్లో 40 వాట్ల ట్యూబ్‌లైట్లు, దేవుడి గదిలో 60 వాట్ల పాతకాలపు బల్బు ఉండేవి. ఆ పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,500 డిగ్రీల సెల్సియస్ వరకు కాగితే గాని వెలగదు కాబట్టి, వాడిన కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడి కిందే పోయేది.

ట్యూబ్‌లైటుతో ఇబ్బంది వేరు. స్టార్టరులోని పట్టీలు అతుక్కుని విడిపోయిన క్షణంలో చోకులో పుట్టే అధిక ఓల్టేజితోనే గొట్టంలోని పాదరసపు ఆవిరి గుండా కరెంటు పారడం మొదలవుతుంది. అప్పుడు వెలువడే అతినీలలోహిత కిరణాలను గాజు లోపలి తెల్లపూత మామూలు వెలుగుగా మారుస్తుంది. వేసవి సాయంత్రాల్లో ఓల్టేజి పడిపోతే ఆ ఊపు చాలక అది మినుకుమంటూ ఉండిపోయేది. ఆలస్యంగా అర్థం చేసుకునేవారిని మనం ట్యూబ్‌లైట్ అనడం ఊరికే పుట్టలేదు.

ఎల్‌ఈడీకి ఈ బెడద లేదు. నీలి వెలుగునిచ్చే చిప్పుపై పసుపు పూత ఉండడం వల్ల రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

అయితే పెట్టె మీద రాసిన 25,000 గంటల మాటను నేను పూర్తిగా నమ్మను. రోజుకు ఐదు గంటల చొప్పున అది పదమూడేళ్లకు పైమాటే. ఒకే కంపెనీ బల్బుల్లో వంటింటి హోల్డరులోది నేటికీ వెలుగుతుండగా, వరండాలో మూసి ఉన్న గాజు బుడ్డిలోది రెండేళ్లకే పోయింది. విప్పి చూస్తే చిప్పులన్నీ బాగానే ఉన్నాయి, కరెంటును సరిచేసి అందించే డ్రైవరులోని కెపాసిటరు మాత్రం ఉబ్బిపోయింది. ఎల్‌ఈడీ పుట్టించే వేడి తక్కువే అయినా, అది వెలుగుతో పాటు ముందుకు పోకుండా వెనుక భాగం ద్వారానే బయటపడాలి. గాలి ఆడని చోట ఆ వేడంతా డ్రైవరు దగ్గరే పోగవుతుంది.

పడక గదిలో స్విచ్ ఆపినా బల్బు మసకగా వెలగడం చూసి మొదట కంగారుపడ్డాం. స్విచ్‌లోని ఎర్ర సూచిక దీపం గుండా జారే కొద్దిపాటి కరెంటే దానికి కారణమని తెలిశాక, స్విచ్ మార్చాం. వరండాలో గాజు బుడ్డి తీసేసి బిగించిన బల్బుకు ఇప్పుడు ఏడో ఏడు.