వెనుక అద్దం పగిలిన పోర్షే: ఏ అద్దం వేయిస్తే మేలు?

కిందటి కార్తీక మాసంలో రాత్రంతా కుండపోతగా కురిసిన ఒక వాన. అలిపిరి దారిలో ఒక బస ఆవరణలో నిలిపి ఉన్న పోర్షే 911 మీద చెట్టుకొమ్మ విరిగి పడింది. పైకప్పు మీద చిన్న గీత కూడా పడలేదు, వెనుక అద్దం మాత్రం మిగల్లేదు. తెల్లవారి నేను వెళ్లేసరికి అద్దం ఉండాల్సిన చోట నల్లని జిగురు అంచు కనిపించింది, వెనుక సీట్ల నిండా కలకండ పలుకుల్లా గాజు ముక్కలు. బెంగళూరు నుంచి దర్శనానికి వచ్చిన యువకుడు ఆ కారు యజమాని. "అన్నా, సాయంత్రానికి కొత్త అద్దం వేసిస్తారా? ఎంతయినా పర్వాలేదు" అన్నాడు.

తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా కార్ల అద్దాలు బిగిస్తున్నాను. రోజూ తిరిగే కారయితే సాయంత్రానికి ఇచ్చి పంపేవాణ్ణి. ఇలాంటి కారు విషయంలో మాత్రం "ఎంతయినా పర్వాలేదు" అన్న మాటతో పని జరగదు. ఆ అబ్బాయికి ఆ ఉదయం కూర్చోబెట్టి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న తర్వాత మరో ఇద్దరు అడిగారు.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. ముందు అద్దానికి రాయి తగిలి చిన్న చుక్క పడితే రసాయనం నింపి బాగుచేస్తారు కదా, వెనుక అద్దానికి అలా కుదరదా? కుదరదు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది. పగిలినా ఆ పొర ముక్కలను పట్టుకుని ఉంటుంది. వెనుక అద్దం చాలా కార్లలో ఒకే పలక. దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందే బిగుసుకుపోతుంది, లోపలి గాజు ఆలస్యంగా చల్లారుతూ దాన్ని లోపలికి లాగుతుంది. ఆ లాగుడే అద్దానికి బలం. ఎక్కడ ఒక్క చోట ఆ పైపొర తెగినా లోపల దాగిన ఒత్తిడంతా బయటపడి మొత్తం పలక పలుకులైపోతుంది. అందుకే దాన్ని తయారయ్యాక కోయలేము, తొలవలేము, అంచు అరగదీయలేము. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద చెప్పబోయే ఎంపికలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ యువకుడి ముందు నాలుగు దారులు ఉన్నాయి. షోరూము ద్వారా కంపెనీ అద్దం తెప్పించడం, మరో తయారీదారు చేసిన కొత్త అద్దం వెతకడం, ప్రమాదంలో పాడైన అదే మోడల్ కారు నుంచి తీసిన పాత అద్దం కొనడం, గాజు వదిలేసి పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ పలక వేయించడం.

అతనికి మొదట నచ్చింది ఆఖరిదే. "కంపెనీవాళ్లే రేసు కోసం చేసిన 911లకు ప్లాస్టిక్ అద్దం పెట్టారు కదా" అన్నాడు. నిజమే. 911 జీటీ3 ఆర్‌ఎస్ వంటి కార్లకు బరువు తగ్గించడానికి వెనుక పాలికార్బొనేట్ వాడారు. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 వెనుక భాగంలో గాలి చీలికలున్న ప్లాస్టిక్ కిటికీ ఎంత ప్రసిద్ధమో కార్లంటే ఇష్టపడేవారికి చెప్పనక్కర్లేదు. లెక్క చూసినా ఆకర్షణీయంగానే ఉంటుంది. చదరపు మీటరు వైశాల్యం, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు పది కిలోలు తూగితే, అంతే పాలికార్బొనేట్ అయిదు కిలోలు కూడా తూగదు. దెబ్బకు సులువుగా పగలదు కూడా.

కానీ కంపెనీ పెట్టేది ఆ కారు వంపుకు అచ్చులో పోసి, పైన గీతలు పడకుండా గట్టి పూత వేసిన ముక్క. మన దగ్గర దొరికేది బజారులో పలకగా కొని, వేడిగాలితో వంచి, అంచుల్లో స్క్రూలతో బిగించేది. పూత లేని పాలికార్బొనేట్‌ను మన దుమ్ములో పొడిగుడ్డతో పదిసార్లు తుడిస్తే గీతల మయమవుతుంది. ఎండకు పసుపెక్కుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రవం తగిలితే సన్నని పగుళ్లు పుడతాయి. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది దాని సాగుడు. మీటరు పొడవు గాజు నలభై డిగ్రీల వేడి తేడాకు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. అదే పొడవు పాలికార్బొనేట్ రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఎండలో నిలిపిన కారును ఊహించుకోండి. దానికి తోడు 911కు ఇంజిను వెనుకే ఉంటుంది, బండి ఆపగానే ఆ వేడి గాలి పైకి లేచి అద్దానికే తగులుతుంది. గాజుకు సరిపడేలా వేసిన జిగురు అంచు ఆ కదలికను రోజూ ఎంతకాలం భరిస్తుంది?

మరో నష్టం బీమాలో ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మన మోటారు బీమా తరుగుదల పట్టికలో గాజు భాగాలకు కోత సున్నా. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు యాభై శాతం. అంటే ఖరీదైన గాజు అద్దానికి క్లెయిము దాదాపు పూర్తిగా వచ్చే చోట, తక్కువ ఖరీదు ప్లాస్టిక్‌కు సగం చేతి నుంచి పెట్టుకోవాలి. అదీగాక, ఉన్నదాన్ని మార్చి వేరే పదార్థం వేసినందుకు, నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు ఇంకేం అడుగుతాడో అతని ఇష్టం. రేసు ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారయితే ప్లాస్టిక్ వేయించుకోమనే చెబుతాను. రోడ్డు మీద తిరిగే కారుకు వద్దు.

రెండో దారి, అంటే మరో తయారీదారు అద్దం, మామూలు కార్లకు నేను నిస్సంకోచంగా సూచించేదే. కార్ల కంపెనీలు తమ అద్దాలు తామే పోసుకోవు, గాజు కంపెనీల నుంచి కొంటాయి. మూలన ఉన్న ముద్ర చదివితే ఆ వంశవృక్షం తెలుస్తుంది. గాజు కంపెనీ పేరు, వృత్తంలో ఇ అక్షరం పక్కన ఆమోదం ఇచ్చిన దేశం సంఖ్య (ఒకటి జర్మనీ, రెండు ఫ్రాన్స్), 43ఆర్ అనే ప్రమాణం గుర్తు, మన దేశంలో అయితే ఐఎస్ఐ ముద్ర. అదే గాజు కంపెనీ, కారు గుర్తు లేకుండా అమ్మే అద్దం దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. చిక్కల్లా, మన దేశంలో వేలల్లో అమ్ముడుపోని కారుకు అలాంటి అద్దం చేసే అవసరం ఎవరికీ ఉండదు.

అప్పుడు కొందరు "కొలత ఇవ్వండి, చేయించి ఇస్తాం" అంటారు. ఇక్కడే ఎక్కువమంది మోసపోవడం నా కళ్లతో చూశాను. బస్సు ముందు అద్దం పగిలితే పగిలిన ముక్కే నమూనాగా ఉంటుంది, దాని మీద అచ్చు తీసి వంచుతారు. వెనుక అద్దం పగిలితే మిగిలేది బకెట్ నిండా పలుకులు. నమూనా ఏది? కారు అంచును కొలిచి చేస్తే చుట్టుకొలత దొరుకుతుంది గాని మధ్యలోని ఉబ్బు దొరకదు, ఈ కారు అద్దం నిలువుగానూ అడ్డంగానూ రెండు వైపులా వంగి ఉంటుంది. అచ్చు మూడు మిల్లీమీటర్లు తప్పితే సరిచేసే దారి లేదు, ముందే చెప్పినట్టు గట్టిపరచిన గాజును ముట్టుకోలేం. అప్పుడు తేడాను జిగురుతో పూడుస్తారు. ఒక మూల మందంగా, ఒక మూల పలుచగా పడిన జిగురు మీద కూర్చున్న అద్దానికి ప్రతి గతుకూ పరీక్షే. మరో సంగతి, వంపు సరిగా రాని అద్దంలో వెనుక వచ్చే వాహనం అలల్లో కనిపించినట్టు సాగుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు, 1944లో తెరిచినది, మలుపు మలుపుకూ వెనుక బస్సు ఎంత దూరంలో ఉందో అద్దంలో చూసుకుంటూ దిగాల్సిన దారి. అక్కడ అలలాడే అద్దం పనికిరాదు.

అందుకే, చాలామందికి వింతగా తోచినా, కొత్తగా చేయించిన నకలు కంటే పాత అసలు అద్దమే మేలని నా అభిప్రాయం. చెన్నై పుదుపేటలో పాత విడిభాగాల వీధులు తిరిగినవారికి తెలుసు, అదృష్టం ఉంటే ఏ కారు భాగమైనా అక్కడ ఎదురుపడుతుంది. పాత అద్దం తెచ్చుకునేటప్పుడు నేను మూడు పరీక్షలు చేస్తాను. మొదట అంచంతా వేలితో తడుముతాను, ఎందుకంటే జిగురు కోసేటప్పుడు ఉక్కు తీగ లేదా కత్తి అంచును గీరి ఉంటే ఆ గాటే రేపు పలుకులకు మొదలు. తర్వాత పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని పగటి వెలుగులో చూస్తాను, గట్టిపరచిన గాజులో చల్లగాలి తగిలిన చోట్లు నీడ మచ్చలుగా కనబడతాయి, కనబడకపోతే ఆ గాజు మీద అనుమానం. మూడోది, అద్దం మీది ఆవిరిని వేడితో పోగొట్టే డీఫాగర్ గీతల రెండు కొసలు మల్టీమీటరుతో కలిపి చూడటం. ఒక గీత ఎక్కడో తెగి ఉంటే వాహక రంగుతో అతకవచ్చు, కొసల్లోని లోహపు పలకే ఊడి వచ్చి ఉంటే వద్దంటాను.

డీఫాగర్ మనకెందుకు, ఇదేమైనా హిమాలయమా అని అడిగేవారున్నారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కొండ మీద నుంచి దిగి చూడండి. మంచు, లోపల నలుగురి ఊపిరి కలిసి వెనుక అద్దం పాలు పోసినట్టవుతుంది. ఆ గీతలు గాజు మీద వెండి కలిసిన ముద్దతో అచ్చువేసి గాజుతో పాటే కాల్చినవి. బజారు పలకకు అవి ఉండవు.

పాత అద్దానికి లోటు ఒకటే, బీమా. పుదుపేట రసీదును సర్వేయరు ఒప్పుకోవడం కష్టం. సొంత డబ్బు పెట్టుకోగలిగితే, లేదా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోగొట్టుకోవడం ఇష్టం లేకపోతే, అప్పుడు అది మంచి దారి. బోనస్ యాభై శాతానికి చేరినవారు ఒక్క అద్దం కోసం క్లెయిము వేసే ముందు వచ్చే ఏడాది ప్రీమియం ఎంత పెరుగుతుందో ఏజెంటును అడిగి లెక్క కట్టుకోవాలి.

ఇక షోరూము అద్దం. ఖరీదు ఎక్కువ, జర్మనీ నుంచి రావాలి, వారాలు పడుతుంది. అయినా బీమా ఉన్న 911కు నా సలహా అదే. వంపు, ఆకుపచ్చ ఛాయ, గీతలు, నల్లని అంచు అన్నీ సరిపోతాయి. ఆ నల్లని అంచు అలంకారం కాదు, కింద ఉన్న యురేథేన్ జిగురును ఎండ తినేయకుండా కాపాడే గొడుగు. చట్టం సంగతీ తేలికవుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది ముందు, వెనుక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలంటుంది. "ఎలాగూ మారుస్తున్నాం కదా, నల్లది వేద్దాం" అన్న అతని స్నేహితుడికి నేను ఇచ్చిన జవాబు అదే.

ఆ వారాల్లో కారును ఏం చేయాలి? నా మాటగా ఒకటి గట్టిగా చెబుతాను, వెనుక అద్దం లేకుండా బెంగళూరు దాకా నడపవద్దు. పరుగెత్తే కారు వెనుక గాలి పలుచబడి, పొగగొట్టం వాయువును ఆ కన్నంలోంచి లోపలికి లాగుతుంది. ఆ వాయువుకు రంగూ వాసనా లేని విషం తోడుంటుంది. అలాగే పలుకులన్నీ వాక్యూమ్‌తో తీసేదాకా ఇంజిను తిప్పవద్దు, 911లో అద్దం కిందనే గాలి పీల్చే చీలికలు ఉంటాయి. మేము సీటుబెల్టు చుట్టలోంచి కూడా గాజు తీశాం, రెండు గంటలు పట్టింది. రంగు మీద ప్యాకింగ్ టేపు అంటించకుండా, పెయింటర్లు వాడే కాగితపు టేపుతో ప్లాస్టిక్ కప్పి, సర్వేయరు ఫోటోలు తీసుకున్నాక లోపలి షెడ్డులో పెట్టాం.

లారీ మీద ఎక్కించి చిత్తూరు, మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరు పంపి అక్కడే బిగించడమా, అద్దాన్నే ఇక్కడికి తెప్పించడమా అని అతను రెండు రోజులు ఆలోచించాడు. షోరూములో చేయిస్తే పనికి వాళ్ల పూచీ ఉంటుంది, అదే ఎంచుకోమని నేనే చెప్పాను. చివరికి అద్దాన్నే పంపించాడు. చెక్కపెట్టె ఆరు వారాలకు వచ్చింది.

అద్దం ఎంత మంచిదైనా జిగురు పని చెడితే నీళ్లు కారుతుంది, ఈదురుగాలికి ఈల వేస్తుంది. పాత జిగురును లోహం దాకా గీకకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర వదిలి సమంగా కోశాను. రంగు లేచిన రెండు చోట్ల ప్రైమరు పూశాను. అద్దం అంచుకు మరో ప్రైమరు, ఆపైన తెగకుండా ఒకే గీతగా యురేథేన్. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడేది కాబట్టి వానాకాలపు తిరుపతి దీనికి అనుకూలమైన ఊరే. అయినా రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతుకే బిగుస్తుంది. తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి అద్దాన్ని బయటికి తోస్తుందని పక్క కిటికీలు రెండు వేళ్ల సందు దించి ఉంచాను.

"ఈ సాయంత్రమే కొండకు వెళ్లొస్తాను అన్నా" అన్నాడు. తాళంచెవి ఇవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం అతన్ని వెనుక సీట్లో కూర్చోబెట్టి, చేతికి టార్చిలైటు ఇచ్చి, బయట నుంచి పది నిమిషాలు పైపుతో నీళ్లు పట్టాను. లోపలి నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాక తాళం ఇచ్చాను.