అప్‌గ్రేడ్ బిడ్, ఓవర్‌బుకింగ్: ఆరేళ్లుగా వాడాక చెబుతున్నది

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికా వెళ్లే టికెట్ కొన్నాక, పై తరగతికి ఎంత ఇస్తారో చెప్పమని ఎయిర్‌లైన్ మెయిల్ పెడుతుంది. ఈ బిడ్ పద్ధతి పనికొస్తుంది, లెక్క తెలిస్తేనే. అక్కడ వేసే మొత్తం ఒక్క మనిషికి, ఒక్క అంచెకి, అంటే ఒక్క విమానానికి. నలుగురున్న పీఎన్‌ఆర్‌లో 30,000 అని పెడితే కార్డు మీద పడేది 1,20,000. ఒక పీఎన్‌ఆర్‌లో ఉన్నవాళ్లందరికీ కలిపే బిడ్. అమ్మకి మాత్రమే కావాలంటే కుదరదు.

రెండు అంచెలకీ వేయడం దండగ. అర్ధరాత్రి దాటాక హైదరాబాద్‌లో బయల్దేరే అంచెకి వేయండి, పడుకునేది అందులోనే. పగలు నడిచే రెండోదానికి ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

బిడ్ పేజీలో రంగు మారే ముల్లు ఉంటుంది. అది "బాగుంది" అన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు. మీ అంకె వాళ్ల కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఎక్కడుందో చెబుతుందంతే, ఎన్ని సీట్లు మిగిలాయో చెప్పదు. బిడ్ ఒప్పుకున్నాక రద్దు ఉండదు. బ్యాగేజీ చాలాచోట్ల పాత టికెట్ ప్రకారమే, ముందే అడిగి తెలుసుకోండి.

ఇక ఓవర్‌బుకింగ్. కొందరు రారనే అంచనాతో ఉన్న సీట్ల కంటే ఎక్కువ అమ్ముతారు. అందరూ వచ్చిన రోజున ముందు చిక్కుకునేది సీటు నంబరు లేనివాళ్లే. బోర్డింగ్ పాస్‌లో సీటు గడిలో అంకె లేకుండా "గేటు" అనో "స్టాండ్‌బై" (సీటు ఇంకా ఖాయం కాలేదు) అనో ఉంటే వెంటనే కౌంటర్‌లో అడగండి. వెబ్ చెక్-ఇన్ తెరవగానే చేసేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

గేటు దగ్గర సీటు వదులుకుంటే ఇస్తామని వోచర్ చూపించి సంతకం అడిగితే, కాగితం మొత్తం చదవండి. "స్వచ్ఛందంగా" అన్న మాట ఉండి సంతకం పెడితే, నష్టపరిహారం హక్కు పోయినట్టే. ఆపైన వచ్చేది వాళ్లు ఇస్తానన్నదే. సంతకం పెట్టకుండా ఆగిపోతే, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన మీ వైపు ఉంటుంది. దేశీయ విమానానికి, అసలు టైముకి గంటలోపు బయల్దేరే వేరే విమానం ఇస్తే పరిహారం లేదు. 24 గంటల్లోపుదైతే ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000. అంతకు మించితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైదరాబాద్ విమానం ఎక్కనివ్వకపోతే యూరప్ చట్టం ప్రకారం 600 యూరోల వరకు.

డబ్బు కట్టిన తరగతి కంటే కింద కూర్చోబెడితే? 2023 ఫిబ్రవరి 15 నుంచి దేశీయ ప్రయాణంలో పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం వాపసు ఇవ్వాలి. కౌంటర్‌లో చాలామంది ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

"ఆలస్యంగా వచ్చారు" అని రాసేస్తే పరిహారం రాదు. అందుకే చెక్-ఇన్ టైము కనిపించేలా ఫోన్‌లో స్క్రీన్‌షాట్, గేటు బోర్డు ఫోటో అక్కడికక్కడే తీసుకోండి. ఎక్కనివ్వని కారణం కాగితం మీద రాయించుకోండి. పాత బోర్డింగ్ పాస్ అడిగినా ఫోటో తీయకుండా ఇవ్వకండి. పరిష్కారం కాకపోతే పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదుకి ఇవే జత చేయాలి.